గేమింగ్ కంప్యూటరు కొటేషను గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కాకినాడ దుకాణం వారు నీకు ఇచ్చిన కొటేషను ఫోటో అందింది. మానిటరు కాకుండా అరవై ఐదు వేల రూపాయల్లో, గేములు ఆడుకోవడానికీ కాలేజీ ప్రాజెక్టులు చేసుకోవడానికీ పనికివచ్చే కంప్యూటరు కావాలన్నావు. వారు చెప్పిన ధర న్యాయమైనదేనా అని అడిగావు. ధర న్యాయమో కాదో చెప్పాలంటే వారు అమ్ముతున్నది ఏమిటో ముందు తెలియాలి. ఆ కాగితం మీద "ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 ఎస్‌ఎస్‌డీ, 500 వాట్స్ ఎస్‌ఎంపీఎస్, ఆర్‌జీబీ గేమింగ్ క్యాబినెట్" అని మాత్రమే ఉంది. కంపెనీ పేరు గానీ, మోడల్ నంబరు గానీ ఒక్కదానికీ లేదు. సికింద్రాబాదులో ఏళ్ల తరబడి కంప్యూటర్లు బిగించినవాడిగా చెబుతున్నాను, అల్లుడూ: తక్కువ బడ్జెట్టులో కొనేవాడి డబ్బు ఎక్కువగా పోయేది పూర్తి పేరు వ్రాయని భాగాల దగ్గరే.

మొదటి వరుసలోని ఐ5నే తీసుకో. ఇంటెల్ ఆ పేరును 2009లో మొదలుపెట్టింది. 2011లో వచ్చిన ఐ5-2400 కూడా ఐ5 అనే అంటారు. దానికి నాలుగు కోర్లు (లోపల లెక్కలు చేసే విడి యూనిట్లు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). 2022లో వచ్చిన ఐ5-12400కు ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఆఫీసుల నుంచి తీసేసిన పాత కంప్యూటర్లను కొత్త క్యాబినెట్లో పెట్టి, రంగురంగుల ఫ్యాన్లు తగిలించి, గేమింగ్ పీసీ అని అమ్మేవారికి ఈ ఒక్క పేరే చాలు. పాత ప్రాసెసర్ నెమ్మదిగా పనిచేస్తుందన్నది ఒక్కటే దాని లోపం కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది, దానితో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యం ఉండాలి. నువ్వు ఆడతానన్న వాలరెంట్ గేము విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (కంప్యూటరు ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెట్టింగు), ఈ రెండింటిలో ఏది లేకపోయినా తెరుచుకోదు. కాబట్టి సర్వర్ల కోసం చేసిన పాత జియాన్ ప్రాసెసర్‌కు ఎక్స్‌99 అనే పాత రకం మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే పలక) జతచేసి "పద్నాలుగు కోర్లు, చవక" అని ఎవరైనా ఆశ పెడితే మర్యాదగా వద్దని చెప్పు.

నీ బడ్జెట్టులో ప్రాసెసర్ విషయం నిజానికి పెద్ద చిక్కు కాదు. ఏఎండీలో రైజెన్ 5 5600, ఇంటెల్‌లో ఐ5-12400ఎఫ్, ఈ రెండింటిలో ఏ రోజు ఏది చవకగా దొరికితే అది తీసుకోవచ్చు. రెండూ ఆరు కోర్లవే, ఇప్పటి గేములకు చాలినవే. పేరు చివర అక్షరాలను మాత్రం విడిచిపెట్టవద్దు. ఇంటెల్‌లో "ఎఫ్" ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 5600లోనూ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడైనా చెడి వారంటీకి పంపితే అది తిరిగి వచ్చేదాకా నీ తెర నల్లగానే ఉంటుంది, పరీక్షల ముందు అలా జరిగితే ప్రాజెక్టు పని కూడా ఆగిపోతుంది. ఎఫ్ లేని 12400కు ధరలో తేడా వెయ్యి రూపాయల లోపు ఉంటే నేనైతే అదే కొంటాను. రైజెన్ 5 5500 అనే మరొకటి చూపించి "వందే తేడా, అదీ ఇదీ ఒకటే" అంటారు. ఒకటి కాదు; 5600కు 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఉంటే 5500కు అందులో సగమే, పైగా గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పీసీఐఈ అనే దారిలో అది పాత 3.0 రకానికే పరిమితం. ఇంకొక మాట: డబ్బా లేకుండా వచ్చే ట్రే ప్రాసెసర్‌కు కూలరు రాదు, దాని వారంటీకి అమ్మినవారి నోటిమాటే ఆధారం. సీలు ఉన్న డబ్బానే అడుగు. ఈ రెండు ప్రాసెసర్లకూ డబ్బాలో వచ్చే కూలరే సరిపోతుంది.

ఏఎం5 సాకెట్ (ఏఎండీ కొత్త ప్రాసెసర్లు అమరే గూడు) తీసుకుంటే ముందు ముందు ప్రాసెసర్ మార్చుకోవచ్చు కదా అని నువ్వు వ్రాసినది సరైన ఆలోచనే. ఆ సాకెట్‌ను కనీసం 2027 వరకు కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది కూడా. అయితే దానికి కొత్త రకమైన డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి, బోర్డు ధరా ఎక్కువే. ఆ అదనపు ఖర్చు నీ మొత్తంలో గ్రాఫిక్స్ కార్డు నుంచి కోసుకోవలసి వస్తుంది, అక్కడ కోసుకుంటే గేము ఆడేటప్పుడు ఆ లోటు మొదటి రోజు నుంచే కనిపిస్తుంది. మీ నాన్నగారు మరో పదిహేను వేలు ఇస్తే ఆ మాట అప్పుడు ఆలోచిద్దాం.

బోర్డు దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. రైజెన్ 5600కు బీ550 బోర్డు ఎంచుకుంటే పీసీఐఈ 4.0 వస్తుంది, ఏ520లో అది రాదు. ఇంటెల్‌కు హెచ్610 చాలు గానీ, ఒకే పేరుతో డీడీఆర్4 రకం, డీడీఆర్5 రకం రెండూ ఉంటాయి, ఒకదాని ర్యామ్ మరొకదానిలోకి దూరదు. పూర్తి మోడల్ పేరు కొటేషనులో ఉండాలనడానికి ఇది ఇంకొక కారణం.

ఇక గ్రాఫిక్స్ కార్డు. నీ డబ్బులో మూడో వంతుకు తగ్గకుండా, నలభై శాతం దాకా దీనికే పోవాలి. దుకాణం వారు వ్రాసిన "4 జీబీ" అనే అంకె కార్డు మీది మెమరీని చెబుతుందే తప్ప దాని బలాన్ని చెప్పదు. 2014లో వచ్చిన జీటీ 730లోనూ 4 జీబీ రకం ఉంది, అది ఇప్పటికీ కొత్త డబ్బాలో దొరుకుతుంది. వీడియోలు చూడటానికి తప్ప గేములకు అది పనికిరాదు. ఇప్పటి పెద్ద గేములకు 8 జీబీకి తక్కువ ఉన్న కార్డును నేను ఒప్పుకోను. ఇక్కడా పేర్లతోనే మోసపోతారు. ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3050 అనే కార్డు 2022లో 8 జీబీతో వచ్చింది. 2024లో అదే పేరుతో 6 జీబీ రకాన్ని విడుదల చేశారు. మెమరీ ఒక్కటే తగ్గిందనుకుంటారు గానీ, లోపలి కోర్లు కూడా 2560 నుంచి 2304కు తగ్గాయి, మెమరీ బస్సు (మెమరీకి వెళ్లే దారి వెడల్పు) 128 బిట్ల నుంచి 96 బిట్లకు దిగింది. కొటేషనులో ఉత్త "3050" అని ఉంటే అందులో ఏది ఇస్తారో చెప్పనక్కరలేదు. ఎక్కువ విద్యుత్తు తీసుకోదు కాబట్టి పాత ఆఫీసు కంప్యూటరులో పెట్టుకోవడానికి ఆ 6 జీబీ కార్డు మంచిదే, నీ అవసరం అది కాదు.

1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెర మీద ఆడటమే నీ ఉద్దేశమైతే ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 వైపు చూడు. 2021లో వచ్చినదే అయినా 8 జీబీ మెమరీ ఉంది, 132 వాట్లతో సరిపెట్టుకుంటుంది, 3050 రెండు రకాలకన్నా గేముల్లో స్పష్టంగా ముందుంటుంది. అయితే ఒక ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకో: రాబోయే సెమిస్టర్లలో మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు చేస్తావా? చేస్తే నీకు సీయూడీఏ (CUDA) అనే, గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించే సౌకర్యం కావాలి, అది ఎన్విడియా కార్డుల్లో మాత్రమే ఉంటుంది. అప్పుడు 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5050, లేదా దొరికితే ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ రకం చూడాలి. 12 అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది, 3060లోనూ 8 జీబీది ఒకటి తర్వాత తెచ్చారు.

వాడిన కార్డులు సగం ధరకు వస్తున్నాయన్నావు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో నాణెం మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించడం) ఆగిపోయాక ఆ పనిలో రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు కుప్పలుగా బజారులోకి వచ్చాయి. అవన్నీ చెడ్డవని అనను. ఫ్యాన్లు మార్చి, థర్మల్ పేస్టు వేసి బాగా నడిపించుకుంటున్నవారు ఉన్నారు. కానీ ఆర్‌ఎక్స్ 580 అని చెప్పి 2048 కోర్ల రకాన్ని అంటగట్టడం మామూలే. అసలైనదానికి 2304 కోర్లు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె చూడకుండా, కనీసం అరగంట గేము నడిపించి చూడకుండా వాడిన కార్డుకు డబ్బు చేతిలో పెట్టవద్దు. నీకు మొదటి కంప్యూటరు కాబట్టి కార్డు వరకు కొత్తదే కొనమని నా సలహా.

ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటరుకు కరెంటు అందించే డబ్బా విషయానికి వస్తే నేను కొంచెం కఠినంగానే మాట్లాడతాను. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే 500 వాట్ల డబ్బాను అసలు తీసుకోవద్దు, ఇంటికి కూడా తేవద్దు. దాని పక్కన అంటించిన పట్టికలో ప్లస్ 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి పన్నెండుతో గుణించు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఆ లైను మీదే బతుకుతాయి. 17 ఆంపియర్లు ఉంటే 204 వాట్లు; డబ్బా మీద 500 అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా నీకు పనికివచ్చేది అంతే. నాణ్యమైన 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో అదే లైను మీద 40కి పైగా ఆంపియర్లు ఉంటాయి. నీ కంప్యూటరు మొత్తం గేము ఆడేటప్పుడు 300 వాట్లు దాటదు, కాబట్టి 550 వాట్లు ధారాళంగా సరిపోతుంది. 750 కొనమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఆ డబ్బు కార్డు మీద పెట్టు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉండటం మంచిదే, అయితే ఆ ముద్ర విద్యుత్తు ఎంత వృథా అవుతుందో చెబుతుంది తప్ప లోపలి భాగాలు ఎన్నాళ్లు ఉంటాయో చెప్పదు. అందుకని ముద్రతో పాటు కంపెనీ ఎన్నేళ్ల వారంటీ ఇస్తోందో చూడు. ఐదేళ్లు ఇచ్చేవి దొరుకుతాయి. కార్డుకు కావలసిన ఎనిమిది పిన్నుల వైరు ఎస్‌ఎంపీఎస్ నుంచే నేరుగా రావాలి. పాత రకం మోలెక్స్ వైర్లను కలిపి అడాప్టరుతో అతికిస్తే వేడెక్కి కరిగిపోవడం నేను కళ్లారా చూశాను.

మీ ఇంట్లో కంప్యూటరు పెట్టబోయే గదిలోని ప్లగ్గుకు ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించు. క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతోందని కొత్త కంప్యూటరును దుకాణానికి మోసుకొచ్చేవారిలో చాలామందికి అసలు లోపం ఇంటి గోడలోనే ఉంటుంది. యూపీఎస్ కొనేటప్పుడు వీఏ (వోల్ట్-ఆంపియర్ల) అంకె చూసి మురిసిపోకు. 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లే. కరెంటు పోయినప్పుడు గేము ఆపి, వ్రాసుకున్నది సేవ్ చేసి, మూసేయడానికి ఆ కొద్ది నిమిషాలు చాలు. దీనికీ డబ్బు పక్కన పెట్టుకో, అరవై ఐదు వేలలో ఇది కలపలేదు.

ర్యామ్ ధరలు 2025 చివరి నెలల నుంచి విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ముందే కొనేసుకుంటుండటం దీనికి ముఖ్య కారణం. అందుచేత ఏడాది కిందటి వీడియోల్లో చెప్పిన ధరలు పట్టుకుని దుకాణంలో వాదించవద్దు. వారి తప్పు కాదు. 16 జీబీ తీసుకో, కానీ ఒకే పుల్లగా కాకుండా 8 జీబీవి రెండు తీసుకో. రెండు ఉంటేనే ప్రాసెసర్ మెమరీతో రెండు దారుల్లో మాట్లాడుతుంది, గేముల్లో ఆ తేడా తెలుస్తుంది. వేగం 3200 ఉండాలి. బోర్డులో నాలుగు స్లాట్లు ఉంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో దానిలో, నాలుగో దానిలో పెట్టించు.

ఎస్‌ఎస్‌డీ (విండోస్, గేములు దాచుకునే డ్రైవు) ఒక టెరాబైటుదే మేలు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ ఖాళీ అడుగుతుంది, 512లో విండోస్ పోగా మిగిలేది ఎంత? పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈ రకం (బోర్డులోనే గుచ్చేది) చాలు, 4.0ది తీసుకున్నా గేము తెరుచుకోవడంలో నువ్వు గమనించేంత తేడా ఉండదు.

క్యాబినెట్‌కు ముందు భాగం జల్లెడలాగా గాలి ఆడేదై ఉండాలి. ముందు అద్దం బిగించినవి ఫోటోల్లో అందంగా ఉంటాయి, కాకినాడ మే నెల ఉక్కలో లోపలి వేడి బయటికి పోదు. దీపాలు ఎన్ని ఉన్నాయన్నది నీ ఇష్టం, దానికి నేను అడ్డు చెప్పను.

ఇప్పుడు కొనడం గురించి. కాకినాడలోనే కొంటే వారంటీకి తిరగడం సులువు. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వస్తే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి, ధర పోల్చుకోవచ్చు. ఎక్కడైనా సరే, "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అన్న మాటకు లొంగకు. 18 శాతం జీఎస్టీ మిగిలినట్టు కనిపిస్తుంది గానీ, ఆరు నెలలకు కార్డు చెడితే ఆ మిగులు ఏ మూలకూ రాదు. ప్రతి భాగం సీరియల్ నంబరు బిల్లు మీద వ్రాయించుకో, డబ్బాలన్నీ దాచిపెట్టు.

బిగించాక అక్కడే ఆన్ చేయించి చూడు. ర్యామ్ మీద 3200 అని అచ్చువేసినా బయాస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ అనే, ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగు ఆన్ చేయకపోతే అది 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది. చాలా దుకాణాల్లో ఆ ఒక్క పని వదిలేస్తారు. సీపీయూ-జెడ్ (ప్రాసెసర్, ర్యామ్ వివరాలు చూపే సాఫ్ట్‌వేర్), జీపీయూ-జెడ్ తెరిచి అక్కడ కనిపించే పేర్లను బిల్లుతో అక్షరం అక్షరం సరిచూసుకో. రైల్లో తీసుకువెళ్లేటట్లయితే గ్రాఫిక్స్ కార్డు విప్పించి దాని డబ్బాలో పెట్టి నీ చేతి సంచిలో ఉంచుకో, బరువైన కార్డు కుదుపులకు బోర్డు స్లాటును విరిచేస్తుంది. ఇంటికి వెళ్లాక మానిటరు వైరును బోర్డుకు కాదు, కార్డుకు గుచ్చాలి. తర్వాత ఎప్పుడైనా 144 హెర్ట్జ్ మానిటరు కొంటే విండోస్ సెట్టింగుల్లో ఆ అంకెను నువ్వే ఎంచుకోవాలి, లేకపోతే 60 దగ్గరే ఉండిపోవచ్చు.

ఆ దుకాణానికి మళ్లీ వెళ్లి, ప్రతి భాగానికీ కంపెనీ, పూర్తి మోడల్, వారంటీ, విడి ధర వ్రాసి ఇమ్మని అడుగు. వారు ఇవ్వం అంటే పక్క దుకాణానికి వెళ్లు. కొత్త కొటేషను చేతికి రాగానే ఫోటో తీసి పంపు, ఆ రాత్రే చూసి జవాబు వ్రాస్తాను. అమ్మకూ నాన్నగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య