కొండ మీద గుడ్లగూబ అరుస్తుంటే వెళ్లగొట్టాలా?

ప్రశ్న అడిగినవారి ఊరు విజయనగరం జిల్లాలో ఒక గుట్ట పక్కన ఉందట. సంక్రాంతి నెల పట్టినప్పటి నుంచి చీకటి పడే వేళకు పెద్ద గుడ్లగూబ ఒకటి ఆ గుట్ట మీద కూర్చుని అరుస్తోందని, ఇంట్లో పెద్దవాళ్లు కీడు శంకిస్తున్నారని, దాన్ని వెళ్లగొట్టే ఉపాయం ఉంటే చెప్పమని రాశారు. నాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి ప్రాంతం. బడిలో సైన్సు చెబుతాను, మిగిలిన వేళల్లో వరి, మినుము పండిస్తాను. ఈ రెండు పనుల వల్లా ఆ పక్షి నాకు బాగా తెలుసు కాబట్టి, ఉపాయం చెప్పను గాని, దాన్ని ఎందుకు వెళ్లగొట్టకూడదో చెబుతాను.

కీడు సంగతి ముందు తేల్చేస్తాను. ఇళ్ల మీద, గుడి గోపురాల మీద, పాత మేడల మీద వాలేవి చాలావరకు వేరే రకాలు: తెల్లని ముఖం గల గుడ్లగూబ గాని, గుప్పెడంత ఉండే పైడికంటె గాని అయి ఉంటుంది. మీరు రాసినట్టు ఒక పొట్టి ముక్క, దాని వెంటనే ఒక పొడవాటి ముక్క కలిసి బొంగురుగా కొండంతా వినిపించే అరుపు మాత్రం బుబో బెంగాలెన్సిస్ అనే కొండ గుడ్లగూబది. అర మీటరు దాటిన పొడవు, కిలో దాటిన బరువు, నారింజ రంగు కళ్లు, నెత్తి మీద చెవుల్లా నిలిచే ఈకలు దాని ఆనవాళ్లు. ఆ ఈకలకు వినికిడితో ఏ సంబంధమూ లేదు. అసలు చెవులు తలకు ఇరుపక్కలా ఈకల కింద దాగి ఉంటాయి. వాగుల పక్కన ఉండే చేపల గుడ్లగూబకు కూడా ఇలాంటి కొమ్ములుంటాయి గాని, దాని కాళ్లకు ఈకలుండవు, దీనికి వేళ్ల దాకా ఉంటాయి. మీ గుట్ట మీద సాయంత్రం అరిచేది మగపక్షి. ఇది వాటి జత కట్టే కాలం కాబట్టి తన హద్దు ఎక్కడి వరకో చెబుతోంది. ఫిబ్రవరిలో ఆ అరుపు ఇంకా పెరుగుతుంది, కాబట్టి పెద్దవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచడం మంచిది.

పెద్దవాళ్లను నేను తప్పుపట్టను. పొద్దున్నే టీవీలో కూర్చుని, గుడ్లగూబ వాలిన ఇంటిని ఎన్నాళ్లు పాడు పెట్టాలో, ఏ శాంతి చేయించాలో చెప్పేవారిని తప్పుపడతాను. మా టెక్కలి మండలంలోనే ఉన్న తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడితే ఊరంతా వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటుంది. రెట్టల కంపును, రాత్రింబవళ్ల గోలను కూడా సహిస్తుంది. అవి సైబీరియా నుంచి వస్తాయని పత్రికలు ఏటా రాస్తాయి గాని, ఆ గూడబాతు దక్షిణాసియా పక్షే. దూరం నుంచి వచ్చిందన్న పేరు ఉంటే చాలు, మనవాళ్లు నెత్తిన పెట్టుకుంటారు. ఏడాది పొడవునా మన పొలంలోనే వేటాడే పక్షికి మాత్రం రాళ్లు పడతాయి.

ఇక నేను చూసినది చెబుతాను. మా ఊరికి పడమరగా, పగుళ్లు పడిందని వదిలేసిన గ్రానైటు క్వారీ ఒకటి ఉంది. ఒక ఏడాది సంక్రాంతి సెలవులు ముగిశాక, అక్కడ మేకలు కాసే తాత మా ఇంటికి వచ్చి, “మేస్టారూ, పాత క్వారీ గొయ్యిలో గూబ పిల్లలెట్టినాది. మీ బడి గుంటలు రాల్లేస్తన్నారు. ఓపాలొచ్చి సెప్పండి బావూ” అన్నాడు. రాళ్లు వేసినవాళ్లెవరో నాకు తెలుసు కాబట్టి, ఎనిమిదో తరగతి చదివే ఆ ఇద్దరినీ వెంటబెట్టుకునే వెళ్లాను. లారీలు తిరిగిన పాత బాట మీదుగా, తంగేడు, సీతాఫలం పొదల మధ్య దిగి చూస్తే, కోసిన రాతిగోడలో మనిషి ఎత్తుకు పైన ఉన్న అరుగు మీద మురికి తెలుపు నూగుతో మూడు పిల్లలున్నాయి. మూడూ మూడు సైజుల్లో ఉన్నాయి, ఎందుకంటే తల్లి మొదటి గుడ్డు పెట్టినప్పటి నుంచే పొదగడం మొదలుపెడుతుంది, పిల్లలు ఒకదాని వెనుక ఒకటిగా బయటపడతాయి. గూడంటూ ఏమీ ఉండదు. వట్టి మట్టిలో మూడు నాలుగు గుడ్లు పెట్టి ముప్పై మూడు రోజుల పాటు పొదుగుతుంది. మమ్మల్ని చూడగానే ఆ మూడూ చిన్న రెక్కలు విప్పి, బుసకొడుతూ, ముక్కులు టకటకలాడించాయి.

అంతలో పెద్ద పక్షి మాకు ఎదురుగా నేల మీద పడింది. ఒక రెక్క ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ, రాళ్ల గుట్టల మధ్య దొర్లుతూ పోతుంటే, దెబ్బ తగిలిందనుకుని పిల్లలిద్దరూ దాని వెనక పరుగెత్తారు. తాత నవ్వి, “దెబ్బా లేదు, గిబ్బా లేదు. పిల్లల కాడి నుంచి ఈల్లని లాక్కుపోతన్నాది” అన్నాడు. పిల్లలు క్వారీ అవతలి గట్టు దాకా వెళ్లాక అది మామూలుగా లేచి, మా తలల మీదుగా, ఇసుమంత చప్పుడు లేకుండా ఎగిరి వెళ్లిపోయింది. అంత పెద్ద పక్షికి ఆ మౌనం ఎలా వచ్చిందంటే, రెక్క ముందు అంచున ఉన్న ఈకలు దువ్వెన పళ్లలా ఉండి గాలిని చీల్చేస్తాయి, ఈకల పైనున్న మెత్తని నూగు రాపిడి శబ్దాన్ని మింగేస్తుంది. తరగతి గదిలో ఇదే విషయం చెబితే ఆవలించే పిల్లలు ఆ రోజు మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నారు. తర్వాత ఆ పక్షి తల దాదాపు వెనక్కి తిప్పి మమ్మల్ని చూస్తూ కూర్చున్న తీరును గురించి కూడా అడిగారు. దాని కళ్లు గొట్టాల్లా ఉండి గుంతల్లో కదలవు కాబట్టి తలే తిప్పాలి, అందుకే మనిషి మెడలో ఏడు ఎముకలుంటే దాని మెడలో పద్నాలుగు ఉంటాయి.

అరుగు కింద రెట్టల తెల్లని చారల మధ్య, బూడిద రంగు ఉండలు చాలా పడి ఉన్నాయి. అరగని వెంట్రుకలను, ఎముకలను అది అలా ఉండలు చేసి కక్కేస్తుంది. అక్కడే కొన్ని నీలి ఈకలు కూడా కనిపించేసరికి తాత ముఖం మారిపోయింది. దసరా నాడు చూస్తే పుణ్యమని మనం వెతుక్కునే పాలపిట్టను అది తినేసింది. నిజమే, పావురాలు, కముజులు, చిన్న గద్దలు, చివరికి తనకంటే చిన్న గుడ్లగూబలు కూడా దాని ఆహారంలో భాగమే, ఆ విషయం దాచడంలో అర్థం లేదు. అయినా ఆ ఉండలను సంచిలో వేసుకుని బడికి తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిల్లల చేత పుల్లలతో విడదీయిస్తే, బయటపడినవి ఎక్కువగా ఎలుకల పుర్రెలు, దవడలు, పసుపుపచ్చని కొరుకుడు పళ్లు. గూబ కక్కినదాన్ని పిల్లల చేత ముట్టిస్తున్నానని ఒక తండ్రి బడికి వచ్చి గొడవ చేశారు. వారి పొలంలో కోతకు ముందే వరి దుబ్బులు కొరికిపారేసింది ఆ దవడలేనని చూపించాను. ఒప్పుకున్నారని చెప్పను గాని, చార్టు మీద అంటించిన పుర్రెలను చాలాసేపు చూసి వెళ్లారు.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది. ఈ పక్షి గుడ్లు పెట్టి పిల్లలను పెంచేది ముఖ్యంగా నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. సరిగ్గా మన వరి కోతలు, కుప్పలు, ఆ వెంటనే మినుము, పెసర ఉండే కాలం కూడా అదే. పొలంలో ఎలుక ఎక్కువగా ఉండేదీ, మనం మందు పెట్టేదీ అప్పుడే. నూకలు తొంభై ఆరు పాళ్లు, నూనె రెండు పాళ్లు, మందు రెండు పాళ్లు అనే ఎలుకల ఎర లెక్క మన ఊళ్లలో చదువు రానివారికి కూడా కంఠతా వచ్చు. జింక్ ఫాస్ఫైడు తిన్న ఎలుక గంటల్లో చస్తుంది. బ్రోమాడియోలోన్ మాత్రం రక్తం గడ్డకట్టకుండా చేసే మందు కాబట్టి, తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజుల పాటు మత్తుగా, బొరియ విడిచి, బయట తిరుగుతుంది. వేటాడే పక్షికి అంతకంటే తేలికగా దొరికేది ఏముంటుంది? ఆ మందు ఎలుక కాలేయంలో నిలిచి ఉంటుంది, అక్కడి నుంచి గుడ్లగూబ ఒంట్లోకి చేరి పేరుకుంటుంది. మన జిల్లాల్లో ఈ పక్షి తగ్గిపోవడానికి రాళ్లు విసిరే పిల్లల కంటే, శాంతి చేయించే పెద్దల కంటే ఈ మందే పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను. గట్లు సన్నగా, గడ్డి లేకుండా ఉంచడం, ఎలుకలను పట్టే బుట్టలు పెట్టించడం, బొరియల్లో పొగ పట్టించడం వంటి పనులు ఊరంతా ఒకేసారి చేస్తే మందు అవసరం తగ్గుతుంది. పొలంలో పక్షి స్థావరాలు, అంటే పక్షులు వాలే కర్రలు, నాటమని వ్యవసాయ అధికారులే చెబుతారు, ఆ నోటితోనే మందు కూడా పంచుతారు. స్థావరం మీద వాలే పక్షి ఏమి తింటుందో ఆలోచించినవారు ఉన్నట్టు లేరు.

రెండో కారణం రాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లా ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చినప్పుడు చెట్టు తొర్రలను నమ్ముకున్న పక్షుల గతి ఏమైందో గాని, రాతి అరుగును నమ్ముకున్న ఈ పక్షికి పడిపోవడానికి గూడే లేదు. అయితే రాతికి తుఫాను రాకపోయినా క్వారీ వస్తుంది. వదిలేసిన క్వారీ దీనికి మంచి కాపురమే, ఏటా అదే చోటికి తిరిగి వస్తుంది. క్వారీని మళ్లీ తెరిస్తే మాత్రం ఆ కాపురం పిల్లలతో సహా పోతుంది. మా గొయ్యిలోకి కూడా ఆ వేసవికి ముందే డ్రిల్లింగు యంత్రం వచ్చింది. మేస్త్రీతో మాట్లాడి, ఆ గోడను వర్షాల వరకు వదిలేయమని అడిగితే ఒప్పుకున్నారు. ఆ పక్క రాయి పగుళ్లది, బ్లాకు సరిగా రాదు కాబట్టి ఒప్పుకున్నారు. దయ అని నేను అనుకోవడం లేదు.

అంతర్జాతీయంగా దీన్ని ప్రస్తుతానికి ముప్పు తక్కువగా ఉన్న జాతుల్లో చేర్చారు. ఆ మాట పట్టుకుని చేతులు దులుపుకునేవారికి వన్యప్రాణుల వ్యాపారంపై కన్నేసి ఉంచే ట్రాఫిక్ అనే సంస్థ 2010లో ప్రచురించిన నివేదిక సంగతి చెప్పాలి. మన దేశంలోని ముప్పై రకాల గుడ్లగూబల్లో పదిహేను దొంగచాటు వ్యాపారంలో కనిపించాయని, క్షుద్రపూజల కోసం పెద్దవాటిని, అందులోనూ కొమ్ములున్నవాటిని ఎక్కువగా అడుగుతారని అందులో ఉంది. మేకలు కాసే ఆ తాతను కూడా దీపావళికి ముందు ఒకాయన డబ్బు ఆశ చూపి అడిగాడట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గుడ్లగూబలను పట్టడం, అమ్మడం నేరం. మీ ఊరికి అలాంటివారు వస్తే మాట్లాడకుండా అటవీ శాఖ రేంజి కార్యాలయానికి ఫోన్ చేయండి.

మీ గుట్ట కింద ఎప్పుడైనా పిల్ల దొరికితే పాలు, అన్నం పెట్టకండి, ఇంటికి తేకండి. అందగలిగితే అరుగు మీదే తిరిగి పెట్టండి, తల్లిదండ్రులు దాదాపు ఆరు నెలల పాటు దాన్ని సాకుతాయి. ఫోటో కోసం దగ్గరికి వెళ్లి దీపాలు వేసేవారిని కూడా ఏప్రిల్ దాటేదాకా ఆపండి. అన్నిటికంటే ముందు, మీ ఊళ్లో ఈ వారం ఎవరెవరు మందు పెడుతున్నారో కనుక్కుని, గట్ల మీద చచ్చి పడిన, మత్తుగా తిరుగుతున్న ఎలుకలను చీకటి పడకముందే ఏరించి లోతుగా పూడ్పించండి.