పెద్దవాళ్లు ఇచ్చినా సరే, పేరు అడగమను

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో సాధన చేసే పిల్లలకు డోపింగు నిబంధనల గురించి, సప్లిమెంట్ల గురించి తరగతులు చెప్పబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఫిజియోథెరపీ చదివిన మన ఇంటి పిల్ల ఇలాంటి పనికి పూనుకున్నందుకు గర్వపడ్డాను; గుంటూరులో ఇన్నేళ్లు వెయిట్‌లిఫ్టింగ్ నేర్పిన పెదనాన్నతో ఒక్క మాటైనా అననందుకు కోపమూ వచ్చింది. ఆ కోపాన్ని ఇక్కడితో వదిలేసి విషయానికి వస్తాను.

నిషేధిత పదార్థాల జాబితా ఏటా జనవరి 1న మారుతుందని, మన దేశంలో డోపింగు నిరోధక సంస్థ అయిన నాడా వారి నో యువర్ మెడిసిన్ యాప్‌లో మందు పేరు వెతికి చూసుకోవచ్చని, జబ్బుకు వాడక తప్పని మందైతే ముందుగానే అనుమతి కోరవచ్చని నీకు నేను చెప్పనక్కరలేదు. 2016 జనవరి 1న మెల్డోనియం అనే మందు ఆ జాబితాలో చేరిన సంగతి గమనించక మరియా షరపోవా అంతటి టెన్నిస్ క్రీడాకారిణి 15 నెలలు ఆటకు దూరమైంది. ఆ ఉదాహరణ ఒక్కటి చాలు. జాబితాలోని పేర్లన్నీ తెర మీద వేసి పిల్లలను నిద్రపుచ్చకు.

నా భయం వేరు. నేను చూసినంతలో మన పిల్లలు ఆశతో మింగేది తక్కువ, పెద్దలమీది గౌరవంతో మింగేది ఎక్కువ. నా దగ్గర ఒక కుర్రవాడు ఉండేవాడు. వాళ్ల నాన్న మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. జాతీయ పోటీలకు వెళ్లినప్పుడు, బరువు తూచే ముందు రాత్రి తన విభాగానికి కొద్దిగా ఎక్కువ ఉన్నాడని తేలింది. వెంట వెళ్లిన సీనియర్ ఒకడు, ఇది ఒంట్లో నీరు లాగేసే మాత్రే, బలానికి కాదు అని చెప్పి చేతిలో పెడితే, వీడు పేరైనా అడగకుండా వేసుకున్నాడు. అది ఫ్యూరోసెమైడ్. అలాంటి మందులు కండను పెంచవు, కాని బరువును దొంగతనంగా దించుతాయి, మూత్రాన్ని పలుచన చేసి వేరే మందుల ఆనవాళ్లను కప్పిపుచ్చగలవు. అందుకే పోటీ ఉన్నా లేకున్నా అవి ఎప్పుడూ నిషిద్ధమే. మర్నాడు పతకం వచ్చింది, దాని వెంటే పరీక్షకు పిలుపూ వచ్చింది. గత 7 రోజుల్లో వాడిన మందులు రాయమని ఫారంలో అడిగితే, ఏమీ రాయవద్దని ఆ సీనియరే చెప్పాడట. వీడు ఆ గడిని ఖాళీగా వదిలేశాడు. తీరా విచారణ జరిగినప్పుడు ఆ మనిషి నోరు మెదపలేదు. నమూనాలో దొరికినదానికి క్రీడాకారుడే బాధ్యుడన్నది నిబంధన కనుక, పతకమూ పోయింది, నిషేధమూ పడింది. ఆ తరువాత వాళ్ల నాన్న మా ఇంటికి వచ్చి, “పెద్దవాళ్లు ఇచ్చింది వద్దంటే తప్పు కదండీ?” అని అడిగాడు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అందుకే అమ్మా, నీ మొదటి తరగతిలో పిల్లల చేత ఇంతే పలికించు: “దీని పేరేమిటండీ? అట్ట చూపించండి. కనుక్కుని వేసుకుంటాను.” కోచ్ ఇచ్చినా, నాన్నమ్మ ఇచ్చినా, చివరికి నేనిచ్చినా అడగాల్సిందే, నేను రోజూ వేసుకునే రక్తపోటు మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా ఆ జాబితాలోదే. ఇద్దరిద్దరిని నిలబెట్టి, ఒకరిని కోచ్‌గా, ఒకరిని శిష్యుడిగా ఆడించు. నోటితో అని అలవాటు లేని మాట అవసరం వచ్చినప్పుడు బయటికి రాదు.

సప్లిమెంట్ పౌడర్ల సంగతీ ఇంతే. ఒకే యంత్రంలో రకరకాల సరుకు కలిపేచోట ఒకదాని అవశేషం మరొకదానిలోకి చేరుతుంది, కొందరు కావాలనే కలుపుతారు కూడా. డబ్బా మీద ఆ ముక్క ఉండదు. మూలికలైతే భయం లేదని మనవాళ్ల నమ్మకం, కాని జాబితాలో ఉన్న ఎఫిడ్రిన్ పుట్టిందే మొక్కలోంచి. ఏ డబ్బానూ నాడా ఆమోదించదు, ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ వాడా ఆమోదించదు. బ్యాచ్‌ల వారీగా పరీక్షించిన సరుకు కొంటే అపాయం తగ్గుతుందే తప్ప పోదు. వాడక తప్పనివాళ్లను బిల్లు, బ్యాచ్ నంబరు, అడుగున కొంత పొడి దాచుకోమను. గుడ్లు, పాలు, పప్పు సరిగా తినని పిల్లవాడు ముందే పౌడరు అడిగితే మాత్రం నా బదులు నువ్వే గట్టిగా కోప్పడు.

పరీక్ష గది ఎలా ఉంటుందో కూడా చెప్పు. 2023లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా వాళ్లు వచ్చారని తెలిసి, పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. రానివాళ్లంతా మందు తిన్నవాళ్లేనని నేను అనను. గదిలో ఏం చేస్తారో తెలియని భయం కూడా మనిషిని గోడ దూకిస్తుంది. కాని నమూనా ఇవ్వకుండా తప్పించుకోవడం దానంతట అదే నేరం, 4 ఏళ్ల వరకు నిషేధం పడవచ్చు. కిట్టు తామే ఎంచుకుంటారని, మూత్రం 90 మిల్లీలీటర్లకు తగ్గకుండా ఇచ్చి రెండు సీసాల్లో పోసి తామే మూత బిగిస్తారని, వెంట తమ మనిషిని తీసుకువెళ్లవచ్చని తెలిస్తే సగం వణుకు తగ్గుతుంది.

తల్లిదండ్రులనూ పిలువు. పంచిపెట్టే కాగితం ముందు నాకు పంపు. నీ తెలుగులో సగం ఇంగ్లీషే ఉంటుంది. ఎండలో తిరిగి ఆరోగ్యం పాడుచేసుకోకు. మొదటి తరగతికి నేనూ బస్సెక్కి వస్తాను. పేరు చెప్పకుండా మాత్ర చేతిలో పెట్టే పెద్దమనిషి వేషం నాకే ఇవ్వు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న