ఆత్మకూరుకు పోయే ముందు

అమ్మణ్ణీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "నీ మాటైతే వింటుందక్కా, వద్దని చెప్పు" అనింది. నేనెట్లా వద్దంటాను? ఆత్మకూరు పక్క నల్లమల అంచు ఊళ్లలో పులుల్ని కాపాడే పని మా ఇంటి పిల్ల చేస్తుందంటే మొదట గర్వంగానే అనిపించింది. ఆ తర్వాతే నిద్ర పట్టలేదు.

పులికి భయపడొద్దు. ఇదే పని మీద నేను అడవిలో తిరిగినన్నాళ్లూ పులి కన్నా దాని అడుగులే ఎక్కువ చూసినాను. ఎలుగు అట్లా కాదు. దానికి చూపు తక్కువ, తిక్క ఎక్కువ. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆడవాళ్లు చీకటితోనే చెట్ల కిందికి పోతారు, అదీ అక్కడికే వస్తుంది. వాళ్లతో పోతే మధ్యలో నడువు, గట్టిగా మాట్లాడుతూ నడువు. (ఈ ఒక్కటీ నీకు ఎవరూ నేర్పనక్కర్లేదు.)

ఎలుగు కన్నా నాకు కరెంటు తీగలంటే దడ. పందులు మొక్కజొన్న చేను పాడు చేస్తున్నాయని రాత్రిళ్లు పొలం చుట్టూ సన్నని తీగ లాగి లైనుకు కొక్కెం తగిలిస్తారు. ఆ తీగకు పందీ, దుప్పీ, పులీ, మనిషీ అందరూ ఒకటే. పొద్దు గుంకినాక గట్ల మీద అడుగు పెట్టావో, చూడు! టార్చి ఉందిలే అనొద్దు, టార్చి వెలుగులో తీగ కనపడదు. ఎవరు వేస్తున్నారో తెలిస్తే ముందు ఆ ఇంటి ఆడమనిషి దగ్గర కూర్చో. తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ తన మొగుడో కొడుకో ఆ గట్టు మీదే పోతాడని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

పశువును పులి కొడితే, రైతుకు సర్కారు పరిహారం రావాలంటే కళేబరాన్ని కదిలించకూడదు, ఫోటో తీయాలి, పశువుల డాక్టరు సర్టిఫికెట్ కావాలి, పంచనామా కావాలి. ఇవన్నీ మీవాళ్లు నేర్పుతారు, నేర్చుకో. వాళ్లు నేర్పనిది నేను చెప్తాను.

మా జట్టులో ఒక కుర్రాడుండేవాడు. బాగా చదువుకున్నవాడు, మంచివాడు, వాడి మీద కోపం నాకింకా పోలేదు. అడవి పక్క ఊళ్లో ఒక రైతు పాడి ఆవును పులి కొట్టింది. మేం పోయేసరికి ఆయన గుళికల మందు డబ్బా పక్కన పెట్టుకొని కూర్చున్నాడు. పులి తిని వదిలిన పశువు దగ్గరికి మళ్లీ వస్తుంది కదా, దాని మీద మందు చల్లితే ఇంక ఆ పులి లేదు. కుర్రాడు ఆయన పక్కనే నేల మీద కూర్చొని చాలాసేపు మాట్లాడినాడు. బాగానే మాట్లాడినాడు. చివర్లో మాత్రం "నెల తిరిగేలోపు డబ్బు నీ చేతికొస్తుంది, నాదీ పూచీ" అనేసినాడు. రైతు డబ్బా లోపలికి పంపించినాడు. ఆ రాత్రి మాకు అన్నం ఎంత రుచిగా ఉండిందో!

కాగితాలు పోయినాయి. ఏదో సంతకం లేదని తిరిగొచ్చినాయి. మళ్లీ పోయినాయి. ఉగాది పోయింది, వానలు పడినాయి. పూచీ పడినవాడు మొదట్లో వారం వారం పోయి "వస్తుంది, వస్తుంది" అని చెప్పొచ్చేవాడు. తర్వాత మొహం చెల్లక ఆ ఊరి దారే మానుకున్నాడు. నన్నడిగితే అసలు తప్పు అదీ. ఆవు కోసం తెచ్చిన అప్పుకు రైతు వడ్డీ కడుతూనే ఉన్నాడు. రచ్చబండ దగ్గర ఆయన్ను "ఏం పులిమామా, డబ్బులొచ్చినాయా" అని ఆడుకునేవాళ్లంట. డబ్బు వచ్చింది లే, చివరికి. అప్పటికి ఆయన మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకునేవాడు.

మరుసటేడు ఆ ఊళ్లో ఇంకో పశువు పోయింది. మాకు ఎవ్వరూ కబురు చెయ్యలేదు. వాగు ఒడ్డున పులి చచ్చి పడుందని ఒక కాపరి చెప్తే తెలిసింది. దాని చుట్టూ గద్దలు, ఒక నక్క, అన్నీ చచ్చి ఉన్నాయి. ఊరంతా మాకేమీ తెలీదనింది. ఏం మొహం పెట్టుకొని అడుగుతాం?

చెంచు మనిషి కొండతేనెకు దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది. అక్క బొట్టు దాని మీద ఉంది కాబట్టి వాడు వదలడు. నీవు ఆ ఊళ్లకు బావమరిదివేం కాదు, ఇప్పుడిప్పుడే కావు కూడా. "డబ్బు ఎప్పుడొస్తుందో నా చేతిలో లేదు, కాగితం ఎక్కడుందో మాత్రం వచ్చి చెప్తా" అను. అన్నావు కాబట్టి పో. రాలేదని చెప్పడానికే పో. తిడతారు, తిని రా.

2023 మార్చిలో పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులిపిల్లలు దొరికినాయి, గుర్తుందా? ఊరివాళ్లు కుక్కల బారిన పడకుండా గదిలో పెట్టి అటవీశాఖకు చెప్పినారు. తల్లితో కలపాలని చూసినా కుదరక తిరుపతి జూకు పంపించినారు. అందరూ తల్లిపులి కోసం బాధపడినారు. నేనూ పడినాను. కానీ కర్రలు తీసుకోకుండా కబురు పంపించినారే, ఆ ఊరివాళ్లకు దండం పెట్టుకున్నాను.

మీటింగులు సాయంత్రం పెట్టు. మొదటిసారి జీపులో దిగొద్దు. మగవాళ్లు మాట్లాడి లేచిపోయినాక ఆడవాళ్లు చెప్పేదే రాసుకో. గూడేలవాళ్లు తేనెకో జిగురుకో అడవిలోకి పోతుంటే అనుమానంగా చూడొద్దు, 2006 అటవీ హక్కుల చట్టం ఒకసారి చదువుకొని పో. అడవిలో అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలా ఉండే వాచర్లలో చెంచువాళ్లే ఎక్కువ. ఫోటోలు దిగేటప్పుడు నీవు వాళ్ల వెనకాల నిలబడు.

మీ నాన్న స్కూటీ కొనిస్తానంటున్నాడంట. ఆ దారుల్లో అది పనికి రాదు, నేను మాట్లాడతాను. శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిదికి అటవీశాఖ గేటు వేసేస్తారు, ఆలోపు దాటేస్తాలే అని లెక్కలేసుకొని బయల్దేరొద్దు. అడవిలో సిగ్నల్ ఉండదు, ఏ ఊరికి పోతున్నావో ఇంటి ఓనరమ్మకు చెప్పిపో. మీ అమ్మకు రోజూ ఫోన్ చెయ్. ఎలుగు సంగతి మాత్రం చెప్పొద్దు.

ఇట్లు,
పెద్దమ్మ