లీజు బండి గురించి మా చిన్నోడికి

చిరంజీవి చిన్నోడికి మీ మామ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ అత్త క్షేమం.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కంపెనీ బండి దిగేసి పన్నెండు టైర్ల లారీ లీజుకు తీసుకుంటున్నావట. లక్షన్నర డిపాజిట్, నెలకు అరవై వేలు, డీజిలు, టోలు, టైర్లు అన్నీ నీవేనట. ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సయించలేదురా. ఏమైందని మీ అత్త అడిగితే సంతోషంగా ఉందన్నాను. అదీ అబద్ధం కాదు. సోమశిల దారిలో నా ఒళ్లో కూర్చుని స్టీరింగు పట్టుకున్న పిల్లాడు ఇవాళ సొంతంగా బండి తిప్పుతానంటే మేనమామకు ఛాతీ ఉప్పొంగదా? కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే 'సరే మామా, సరే మామా' అంటావే గానీ చెవిన పెట్టవు. అందుకే రాస్తున్నా.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తా. ఎఫ్‌సీ అనే ఫిట్‌నెస్ కాగితం, ఇన్సూరెన్సు, నేషనల్ పర్మిట్ తేదీలు చూసుకో. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి పాత చలాన్లు ఏమున్నాయో చూడు. ఫాస్టాగ్ ఎవరి ఖాతాలో ఉందో అడుగు. ఇంజను చప్పుడు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి విను. టైర్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. రాడ్డుతో ఒక్క దెబ్బ కొట్టి, మోత విని, జతలో లోపలి టైరులో గాలి తగ్గిందని చెప్పడం నీకు పదిహేనేళ్లకే వచ్చు.

ఇప్పుడు అసలు విషయం. 2010లో నేనూ ఇదే పని చేశాను. నువ్వప్పుడు తొమ్మిదో తరగతి. మామ బండి నష్టమొచ్చి వదిలేశాడని మాత్రమే నీకు తెలుసు.

అప్పటికి పద్నాలుగేళ్లుగా ఒకే ఓనరు దగ్గర జీతానికి తోలుతున్నా. కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలైంది కదా, బళ్లారి ఇనుప ఖనిజమంతా అటే వచ్చేది. గుత్తి, తాడిపత్రి, మైదుకూరు, బద్వేలు, మన ఆత్మకూరు మీదుగా నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు దారి. ఖనిజం దుమ్ము పడి ఆ దారి పొడుగునా చెట్ల ఆకులు కూడా ఎర్రగా ఉండేవి. లోడుకు ఢోకా లేదు, బండి ఉంటే చాలు అనుకునే రోజులు. అప్పుడే ఇంకొక ఓనరు పది టైర్ల బండి నెలకు ముప్పై ఎనిమిది వేలకు లీజుకిస్తానన్నాడు. లారీ తూకం వేసిన కాటా చీటీ వెనకాల లెక్క రాసుకున్నా. తొమ్మిది ట్రిప్పులు, ఒక్కో ట్రిప్పు కిరాయి ఇంత, డీజిలు ఇంత, క్లీనరు బత్తా ఇంత, మిగులు ఇంత. ఆ చీటీ ఇప్పటికీ బీరువాలో ఉంది. మిగులు దగ్గర రెండు గీతలు కొట్టుకున్నా, పక్కన ఎర్రమట్టి వేలిముద్ర పడింది. నిన్న రాత్రి మళ్లీ తీసి చూశా. ఆ చీటీలో బండి నిలబడిపోయిన రోజు ఒక్కటి కూడా రాసి లేదురా చిన్నోడా.

మూడు నెలలు బాగా నడిచింది. మీ అత్తకు పట్టుచీర తెచ్చా, నీకు సైకిలు కొనిచ్చా. జులై నెలాఖరున కర్ణాటక ప్రభుత్వం ఖనిజం ఎగుమతి ఆపేసింది. వారం తిరిగేసరికి రోడ్డు పక్కన లారీల వరసలు, వంటలు రోడ్డు మీదే. రేపో మాపో తెరుస్తారని అందరూ అనేవాళ్లు, నేనూ నమ్మాను. ఆ మరుసటి ఏడాది జులైలో సుప్రీంకోర్టు బళ్లారిలో తవ్వకాలనే ఆపించింది, అది వేరే సంగతి. ఖనిజం ఆగినా నా లీజు ఆగలేదు. ఒకటో తారీకు వచ్చేసరికి ఓనరు మనిషి గుమ్మంలో ఉండేవాడు.

అప్పుడు ఏ లోడు దొరికితే ఆ లోడు వేసుకున్నా. కర్నూలు ఉల్లిగడ్డలు, తాడిపత్రి బండలు, కిరాయి ఎంతన్నా సరే. తిరిగి ఖాళీగా వస్తే డీజిలు దండగని రిటర్న్ లోడు కోసం రెండేసి రోజులు పడిగాపులు, ఆ పోయిన రోజుల్ని రాత్రిళ్లు తోలి పూడ్చుకోవడం. ఒకసారి బండలు వేసుకుని చెన్నై పోతున్నా. అది మూడో రాత్రి. నాయుడుపేట దాటాక కళ్లు తెరిచే ఉన్నాయి, రోడ్డు మాత్రం కనపడలేదు. 'అన్నా!' అని క్లీనరు కుర్రాడు అరిచి స్టీరింగు మీద పడ్డాడు. బండి ఆగేసరికి ముందు నిలిపి ఉన్న బస్సుకు, మాకు మధ్య బారెడు జాగా లేదు. బస్సు వెనక అద్దంలోంచి ఒక ముసలామె నా వైపే చూస్తోంది. నా లైట్ల వెలుగంతా ఆమె ముఖం మీదే ఉంది. ఇన్నేళ్లయినా ఆ ముఖం మర్చిపోలేదు. మీ అమ్మ ఫోన్ పెట్టగానే నా కళ్ల ముందు నిలబడింది నీ లారీ కాదు, ఆ అద్దం.

చెన్నైలో లోడు దించి, బండి తెచ్చి ఓనరు ఇంటి ముందు పెట్టి తాళాలిచ్చేశా. అంతటితో పోలేదు. ఒప్పందం నాడు పన్నెండు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చి ఉన్నా. అందరూ ఇస్తారులే అన్నారు, ఇచ్చా. బాకీ, వడ్డీ, రిపేర్లు అని చెప్పి వాటిమీద వాళ్లకు తోచిన అంకె వేసుకున్నారు. చెక్కు బౌన్సు కేసని రెండేళ్లు నెల్లూరు కోర్టు చుట్టూ తిరిగా. చివరికి మా పెళ్లిలో మీ అమ్మమ్మ మీ అత్తకు పెట్టిన నాలుగు సవర్ల గొలుసు అమ్మి తేల్చుకున్నా. ఈ గొలుసు సంగతి మీ అమ్మకు ఇప్పటికీ తెలీదు. ఈ ఉత్తరం ఆవిడకు చదివి వినిపించొద్దు.

అందుకని ఒక్క ఖాళీ చెక్కు కూడా ఇవ్వొద్దు. వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే. తారీకు, అంకె వేసి నెలకొకటి ఇస్తాననో, బ్యాంకులో కడతాననో చెప్పు. కుదరదంటే ఆ బండి నీది కాదనుకుని వచ్చెయ్.

నీ లెక్క కూడా చూద్దాం. నెలకు అరవై వేలంటే రోజుకు రెండు వేలు. బండి కదిలినా కదలకపోయినా, నువ్వు జ్వరంతో పడుకున్నా, పొద్దున లేచేసరికి రెండు వేలు బాకీ పడి ఉంటావు. నెలకు అయిదు వేల కిలోమీటర్లు తిప్పావనుకో, లోడు మీద లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తే పన్నెండొందల యాభై లీటర్లు. లీటరు వంద వేసుకున్నా లక్షా పాతిక వేలు. ఆ డబ్బు బంకులో రొక్కం. నీకు రావాల్సిన బ్యాలెన్సు కిరాయి మాత్రం ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నెలా నెలన్నర మూలుగుతుంది. మూడు నెలల లీజు డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టగలవా? డిపాజిట్‌కే అప్పు చేస్తున్నావని మీ అమ్మ గొంతులోనే తెలిసింది. నాకు కోపం వచ్చింది అక్కడేరా.

ఆర్‌సీ తీసి చూడు. దాని మీద ఫైనాన్సు ఉంటే, నువ్వు ఓనరుకు నెలనెలా సక్రమంగా కట్టినా ఆయన వాళ్లకు కట్టకపోతే, సీజింగు వాళ్లు నడిరోడ్డు మీద నీ చేతిలోంచి బండి పట్టుకుపోతారు. నీ లోడు, దాని మీద కప్పిన నీ పట్టా, నీ డిపాజిట్ అన్నీ దాంతోపాటే. ఫైనాన్సుకు కట్టిన రసీదు ప్రతి నెలా నీకు చూపించాలని ఒప్పందంలో రాయించుకో. ఇంకోటి, నా కేసు చూసిన లాయరు గారు చెప్పింది. లీజు ఒప్పందం మీద ఉన్న బండికి, అది ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లనే 1988 మోటారు వాహనాల చట్టం యజమాని అంటుంది. అంటే యాక్సిడెంటు అయితే 'నేను డ్రైవరునే సార్' అనే మాట ఇక నీకుండదు. ఓవర్‌లోడ్ దొరికితే ఇప్పుడు జరిమానా ఇరవై వేలు, పైన టన్నుకు రెండు వేలు. నిన్న కంపెనీ కట్టేది, రేపు నువ్వు కట్టాలి. ఇంజను పని వస్తే ఎవరిది, మధ్యలో బండి తిరిగి ఇచ్చేస్తే డిపాజిట్ ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఈ రెండూ కాగితం మీద ఉండాలి. నోటి మాట వద్దు.

'కంపెనీలో నన్ను మనిషిలా చూడటం లేదు' అన్నావట. నిజమే అయ్యుంటుంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలో డ్రైవరుకు రోజుకు ఎనిమిది గంటల పనని ఉండేది, నా సర్వీసంతటిలో అది నేను చూసింది లేదు. నిన్ను నిద్రపోనివ్వని సూపర్‌వైజరు మీద కోపం నాకూ ఉంది. కానీ ఆయన ఫోను ఆపేసి నువ్వు ఒక గంట పడుకోగలవు. లీజు బండిలో నిన్ను లేపేవాడు నీలోనే ఉంటాడు, వాడి ఫోను ఆగదు. కంపెనీ నీ పేరున పీఎఫ్ కడుతోంది, ఈఎస్ఐ ఉంది, పోయినేడు అమ్మాయి కాన్పు దాంట్లోనే కదా అయింది. అవి రేపటి నుంచి ఉండవు.

వద్దని నేను అనడం లేదు. మన ఇంట్లో ఒకరైనా సొంత బండి నిలబెట్టుకోవాలని నాకూ ఉంది, నాకే ఎక్కువ ఉంది. మూడు నెలలు ఆగు. ఇప్పుడు తోలుతున్న కంపెనీ బండి నీ లీజు బండే అనుకుని ఒక నోటుబుక్కు పెట్టు. ఎన్ని రోజులు లోడుతో తిరిగింది, ఎన్ని ఖాళీగా, ఎన్ని అన్‌లోడింగు కోసం గేటు బయట నిలబడింది, అన్నీ ఏ రోజుకా రోజు రాయి. నిలబడిన రోజులు ఎర్ర పెన్నుతో రాయి. రోజుకు రెండు వేలు లీజు కింద తీసెయ్. మూడు నెలల తరవాత ఆ పుస్తకంలో మిగులు కనపడితే, డిపాజిట్‌లో యాభై వేలు నేనిస్తా. మీ అత్తతో మాట్లాడాను, ఒప్పుకుంది.

ఆదివారం డ్యూటీ లేకపోతే ఆత్మకూరు రా. అమ్మాయిని, చంటిదాన్ని కూడా తీసుకురా. ఆ బండి ఆర్‌సీ, ఒప్పందం కాగితం జిరాక్సులు పట్టుకురా, ఇద్దరం కూర్చుని చదువుదాం. రాత్రిపూట బయల్దేరొద్దు, తెల్లవారాకే రా.

మీ మామ