ఇద్దరు సప్లయర్లున్నా లైను ఎందుకు ఆగింది?

ప్రశ్న: చర్లపల్లిలో మాది బోరు మోటార్ల స్టార్టర్ ప్యానెళ్లు చేసే యూనిట్. రోజుకు సగటున 40, సీజన్లో 50 చేస్తాం. ప్యానెల్లోని కంట్రోల్ కార్డులకు (సర్క్యూట్ బోర్డులకు) ఇద్దరు సప్లయర్లున్నారు. అయినా ఈసారి ఇద్దరి దగ్గరా ఒకేసారి సరుకు ఆగిపోయి 12 రోజులు లైను నిలిచింది. అన్నిటికీ స్టాకు పెంచుకోవడమే మార్గమా?

జవాబు: వద్దండీ, డబ్బంతా గోడౌన్లో ఇరుక్కుంటుంది. ముందు ఆ ఇద్దరినీ కార్డు మీద ఏ చిప్పు వాడుతున్నారో, పార్టు నంబరుతో సహా అడగండి. రెండు కార్డుల్లోనూ ఒకటే చిప్పు ఉంటే మీకున్నది ఇద్దరు సప్లయర్లు కాదు, ఒక్కరే. 2011 మార్చి భూకంపానికి జపాన్‌లోని ఒనహామాలో మెర్క్ ప్లాంటు ఆగింది. కార్ల పెయింటుకు మెరుపునిచ్చే జిరాలిక్ పిగ్మెంటు అప్పట్లో అక్కడొక్కచోటే తయారయ్యేది. పెయింటు ఎవరి దగ్గర కొన్నా లోపలి సరుకు అక్కడిదే కావడంతో ఫోర్డ్ కొన్ని నలుపు, ఎరుపు రంగుల ఆర్డర్లు ఆపాల్సి వచ్చింది.

ప్యానెల్లో వాడే ప్రతి పార్టు పక్కన రెండు అంకెలు రాయండి: అది ఆగితే మళ్లీ తెచ్చుకోవడానికి ఎన్ని రోజులు, ఉన్న స్టాకుతో ఎన్ని రోజులు నడుస్తుంది. మొదటిది రెండోదానికంటే పెద్దదైన చోటే ప్రమాదం. స్క్రూలు, లగ్గులు, వైరు రాణిగంజ్‌లో సాయంత్రానికల్లా దొరుకుతాయి, వాటి జోలికి పోకండి.

ఇక చిప్పు సంగతి. మామూలుగా 60 పనిదినాల్లో వచ్చేది ఒక్కోసారి 110 పడుతుందనుకోండి. ప్యానెల్‌కు ఒక చిప్పు లెక్కన, సీజన్ వాడకం 50×110లోంచి సగటు వాడకం 40×60 తీసేస్తే 3,100. అంత అదనపు నిల్వ కావాలి. అయితే తయారైన కార్డులు కాకుండా చిప్పులే కొని ఉంచండి. ఖర్చు తక్కువ, బీరువా అరలో పడతాయి, ఇద్దరిలో ఎవరికైనా ఇవ్వొచ్చు. సీలు వేసిన తేమ నిరోధక సంచి మాత్రం విప్పొద్దు. తేమ పీల్చిన చిప్పును సోల్డరింగ్ ఓవెన్లో పెడితే లోపలి తేమ ఆవిరై చిప్పు పగులుతుంది. కొన్ని పగుళ్లు పైకి కనబడవు, రైతు పొలంలో బయటపడతాయి. కార్డు మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను ఏళ్ల తరబడి దాచకండి, లీకేజీ కరెంటు పెరుగుతుంది. పాతవే ముందు వాడాలి.

కాంటాక్టర్‌కు (కాయిల్ అయస్కాంతంతో మోటారుకు కరెంటు కలిపే స్విచ్చుకు) రెండో బ్రాండు ఎంచుకునేటప్పుడు ఏసీ-3 రేటింగ్ (మోటారు లోడు మోసే సామర్థ్యం), బిగింపు రంధ్రాల దూరం సరిపోయాయని ఆగకండి. మామూలు 415 వోల్టుల కాయిల్ కనీసం 353 వోల్టులకు పట్టాలన్నదే ప్రమాణం. ఊళ్లో కరెంటు అంతకంటే దిగితే కాయిల్ పట్టీపట్టక కొట్టుకుంటుంది, కాంటాక్టులు అతుక్కుపోతాయి, మోటారు ఆగదు. డిమ్మర్‌స్టాట్ (వోల్టేజీని పెంచి తగ్గించే పరికరం) మీద వోల్టేజీ పెంచుతూ కాయిల్ ఏ వోల్టు దగ్గర పట్టుకుంటోందో, తగ్గిస్తూ ఏ వోల్టు దగ్గర వదిలేస్తోందో రాసుకోండి. ఈ పరీక్ష లైను నడుస్తుండగానే ముగించి, నెలకు కనీసం 20 శాతం ఆర్డరు రెండో బ్రాండుకు ఇస్తుండండి. ఆర్డరే ఇవ్వనివాడు ఆపదలో మీ ఫోను ఎత్తడు.

ప్రశ్న: మా ప్లాస్టిక్ బాక్సుల మోల్డు సప్లయర్ దగ్గరే ఉంది. ఫర్వాలేదా?

జవాబు: డబ్బు మీరిచ్చి ఉంటే మోల్డు మీదేనని కాగితం మీద రాయించుకోండి, దాని మీద మీ పేరు చెక్కించండి, డ్రాయింగు మీ దగ్గర పెట్టుకోండి. ఇంకో వర్క్‌షాపు మెషీన్‌లో ఆ మోల్డు కూర్చుంటుందో లేదో ఇప్పుడే కొలిపించండి. ఆయన చిన్న పరిశ్రమగా నమోదైన తయారీదారైతే బాకీ కూడా ఆపకండి: రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో కట్టాలని చట్టమే చెబుతోంది. మీ బాకీ ఆగితే ఆయన ముడిసరుకు ఆగుతుంది, ఆ వెనకే మీ బాక్సులూ ఆగుతాయి.