కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్‌తో కంకర దిమ్మిస కొట్టొచ్చా?

మధురవాడ నుంచి ఒహాయో వచ్చి మూడేళ్లయిన ఒక తమ్ముడు అడిగాడు. ఈమధ్యే ఇల్లు కొన్నాడు, పెరట్లో 10 అడుగులకు 12 అడుగుల షెడ్డు పెట్టుకోవాలట. కింద కంకర పరిచి గట్టి చేయాలి. పాత సిమెంటు మెట్లు పగలగొట్టడానికి కొన్న డెమోలిషన్ హ్యామర్ గ్యారేజీలో ఖాళీగా ఉంది, ఉలి తీసేసి కింద ఒక ప్లేటు తగిలిస్తే దిమ్మిసలాగా పనికొస్తుందా అన్నా అని.

పనికొస్తుంది తమ్ముడూ, కానీ ఎంత చోటుకి అన్నది ముందు లెక్క వేసుకో. 8 అంగుళాల చదరపు ప్లేటు ఒకసారి కప్పేది 64 చదరపు అంగుళాలు. నీ 120 చదరపు అడుగుల్లో ఒక్క చుట్టు తిరగాలంటే 270 సార్లు పక్కకి జరపాలి. రెండు పొరలు, పొరకి మూడు చుట్లు అనుకున్నా 1,600 దాటుతుంది, అదీ పది కిలోల మిషన్ చేత్తో పట్టుకుని. పెద్ద ప్లేటు పెడితే త్వరగా అయిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ దెబ్బలో ఉన్న బలం అంతే కదా, ప్లేటు పెద్దదయ్యేకొద్దీ అది పలచబడిపోతుంది. ఈ సైజు హ్యామర్‌కి 6 నుంచి 8 అంగుళాలు చాలు. అందుకే నేను చెప్పేది, మధ్య భాగానికి ప్లేట్ కాంపాక్టర్, అంటే అదురుతూ నేలని గట్టి చేసే తోపుడు మిషన్, ఒక పూట అద్దెకు తెచ్చుకో, అది దూరలేని మూలలకీ, కంచె గుంజల పక్కకీ, పైపు కోసం తవ్విన సన్న కాలవకీ నీ హ్యామర్ వాడు. అక్కడ దీన్ని మించింది లేదు.

ప్లేటు సొంతంగా వెల్డింగ్ చేయించుకోవద్దు. ఇది అనుభవంతో చెబుతున్నా. పోయిన సంక్రాంతికి వైజాగ్ వెళ్లినప్పుడు పెందుర్తిలో నాన్నగారి ఇంటి ముందు పార్కింగ్ చోటు గట్టి చేయాలని బ్రేకర్ అద్దెకు తెచ్చి, ఒక పాత ఉలికి ఆటోనగర్‌లో 10 ఎంఎం ప్లేటు వెల్డింగ్ చేయించాను. అరగంటలో అతుకు పక్కనే ఉలి పగిలి ప్లేటు నా కాలి పక్కన పడింది. వెల్డింగ్ చేసినాయన తప్పేం కాదు, ఉలి గట్టిపరిచిన ఉక్కు, ముందు వేడి చేయకుండా అతికి వెంటనే చల్లారనిస్తే అతుకు పక్కన ఇనుము పెళుసెక్కిపోతుంది. నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు పడితే అది ఆగదు. అమెరికాలో షాంకు (మిషన్‌లో దూర్చే కడ్డీ) వేరుగా, టాంపర్ ప్లేటు (దిమ్మిస ప్లేటు) వేరుగా రెడీమేడ్‌గా దొరుకుతాయి, అవే కొనుక్కో. కొనే ముందు మిషన్‌కి ఏ షాంకు పడుతుందో చూసుకో. మీ దగ్గర ఎక్కువగా ఎస్‌డీఎస్ మ్యాక్స్, అంటే 18 ఎంఎం గుండ్రం. పెద్ద బ్రేకర్లకి ఆరుపలకలది. ఇంటి దగ్గర చౌక కదా అని వైజాగ్ నుంచి మిషన్ మోసుకెళ్లేవాళ్లకి కూడా ఒక మాట, అది 230 వోల్టులది, అక్కడ ప్లగ్గులో వచ్చేది 120.

ఇంక అసలు విషయం. మిషన్ కంటే రాయి ముఖ్యం. మన వైపు గ్రావెల్ అంటే బేస్‌మెంట్ నింపడానికి తోలించే ఎర్రమట్టి, అక్కడ గ్రావెల్ అంటే రాయి. పీ గ్రావెల్ అని గుండ్రటి గులకరాళ్లు అమ్ముతారు, చూడ్డానికి బాగుంటాయి, వాటిని ఎంత కొట్టినా పక్కకి జారుతూనే ఉంటాయి. కోణాలున్న పగలగొట్టిన రాయీ దాని పొడీ కలిసి ఉండాలి, ఆ పొడే సందుల్లో దూరి బిగుస్తుంది. ఒహాయోలో క్వారీ వాళ్లని 304 కావాలని అడుగు, అలా పొడి కలిసిన రాయికి అక్కడి నంబరు అది. 57 నంబరు పొడి లేని రాయి, నీళ్లు దిగడానికి మంచిది కానీ దీనిలా కట్టుబడదు. 4 అంగుళాల మందానికి రెండు టన్నులకు పైనే పడుతుంది, కొట్టాక దిగిపోతుంది కాబట్టి 5 అంగుళాల లెక్కన తెప్పించు.

మన మేస్త్రీలు నింపినచోట రాత్రంతా నీళ్లు కట్టి పొద్దున్నే దిమ్మిస కొడతారు. నీ పెరట్లో అది చేయొద్దు, కింద బంకమట్టి ఉంటే మెత్తబడి కంకరంతా అందులో దిగిపోతుంది. ముందు జియోటెక్స్‌టైల్ గుడ్డ (మట్టీ కంకరా కలవకుండా అడ్డుపడేది) పరిచి, రెండు రెండున్నర అంగుళాల పొర వేసి, పైపుతో చిలకరించు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, నీరు కారకూడదు. అంచుల నుంచి మధ్యకి రా. హ్యామర్ నిటారుగా పట్టుకో, వంచితే ప్లేటు అంచు గుచ్చుకుని గుంట చేస్తుంది. మీద పడి తొక్కాల్సిన పనిలేదు, దాని బరువే పని చేస్తుంది. గాల్లోకి లేపి ఆన్‌లో ఉంచొద్దు, లోపలి భాగాలు దెబ్బతింటాయి. తిరిగే మోడ్ కూడా ఉన్న మిషన్ అయితే కొట్టే మోడ్‌లో మాత్రమే పెట్టు. మొదట్లో మొద్దుగా వచ్చే శబ్దం గట్టిపడేకొద్దీ టంగుమని మారుతుంది, మడమతో తొక్కితే గుర్తు పడదు. అప్పుడు రెండో పొర వెయ్యి.

చేతులు జాగ్రత్త తమ్ముడూ. ఈ అదురు చాలాసేపు తగిలితే వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడతాయి, చలిలో ఇంకా ఎక్కువ. పావుగంట కొట్టి ఆగు. చెవులకి శబ్దం ఆపే ఇయర్ మఫ్‌లు, ముక్కుకి ఎన్95 మాస్కు, కాళ్లకి గట్టి బూట్లు. రాతి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటకు రాదు, తడిపి కొట్టమన్నది అందుకు కూడా.

తవ్వడానికి రెండు మూడు పనిదినాల ముందు 811కి ఫోన్ చెయ్యి, గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా వచ్చి గుర్తు పెట్టి వెళ్తారు. పని మాత్రం అక్టోబరులోపే పెట్టుకో. తడి కంకర గడ్డకట్టాక ఎంత కొట్టినా బిగుసుకోదు, వసంతంలో ఆ మంచు కరిగాక నీ షెడ్డు ఒక పక్కకి ఒరుగుతుంది.