పాత బాక్సర్లు వారం వారం ఆడేవారట, మూడు వారాలకోసారి ఆడితే తప్పేంటి?

ప్రశ్న: మాది విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. మా అబ్బాయికి 21 ఏళ్లు. నాలుగేళ్లుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు, ప్రొఫెషనల్ అవుతానంటున్నాడు. రెండు నెలల్లో మూడు పోటీలు ఆడాడు. పన్నెండు రోజుల కిందట జరిగిన పోటీలో కణత మీద గట్టి దెబ్బ తగిలి కిందపడి, వెంటనే లేచాడట. అప్పటి నుంచి తలనొప్పి. ట్యూబ్‌లైట్ వెలుతురు చూడలేకపోతున్నాడు, ప్రతిదానికీ కసురుకుంటున్నాడు. స్కాన్ తీయిస్తే ఏమీ లేదన్నారు. ఇంకో పది రోజుల్లో మళ్లీ పోటీ ఉంది. వద్దంటే, ‘పాతకాలం వాళ్లు వారం వారం ఆడేవాళ్లమ్మా, ఇదొక లెక్కా’ అంటున్నాడు. అసలు ఎన్నాళ్లకోసారి ఆడొచ్చు డాక్టర్ గారూ?
– ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందు ఆ పది రోజుల తర్వాతి పోటీ సంగతి తేల్చేద్దాం. అది మానేయాల్సిందే. కోచ్ గారు ఏమనుకుంటారో, కట్టిన ఫీజు ఏమవుతుందో తర్వాత చూసుకోవచ్చు. తలనొప్పి పూర్తిగా తగ్గనివాడు రింగ్‌లోకి వెళ్లకూడదు. స్పారింగ్ కూడా వద్దు, అంటే సాధన కోసం తోటి బాక్సర్‌తో ఆడటం కూడా.

ఇక మీవాడు చెప్పిన పాతకాలం మాట. అది అబద్ధమేమీ కాదు. అమెరికాలో హ్యారీ గ్రెబ్ అనే ఆయన 1919 ఒక్క ఏడాదిలోనే 45 పోటీలు ఆడాడు. మొత్తం మీద సుమారు 300. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1937లో 27 ఆడి అన్నీ గెలిచాడు. షుగర్ రే రాబిన్సన్ పాతికేళ్లలో దాదాపు 200 ఆడాడు. అప్పట్లో టీవీ డబ్బు లేదు. చాలామందికి పోటీ అంటే కూలి పని లాంటిదే. ఈ ఊళ్లో ఆడి, వచ్చిన నాలుగు డబ్బులు పట్టుకుని రైలెక్కి, ఇంకో ఊళ్లో ఆడేవాళ్లు. ఆడని వారం పొయ్యి వెలగని ఇళ్లుండేవి.

అయితే మీవాడు కథలో సగమే చెప్పాడు. గ్రెబ్ ఒక కంటి చూపు పోగొట్టుకుని, ఆ సంగతి దాచిపెట్టి ఆడాడు. 1926లో ముఖానికి చేయించుకున్న ఆపరేషన్ తర్వాత చనిపోయాడు. అప్పటికి 32 ఏళ్లు. రాబిన్సన్‌కి చివరి రోజుల్లో అల్జీమర్స్ వచ్చింది. దెబ్బలు తిని తిని, తాగినవాడిలా తూలుతూ మాట తడబడే బాక్సర్ల గురించి అమెరికాలో మార్ట్‌లాండ్ అనే డాక్టరు 1928లోనే రాశాడు.

ఇప్పటివాళ్లు చాలా తక్కువ ఆడతారు. హెవీవెయిట్ చాంపియన్ ఉసిక్ 2022లో ఒకటి, 2023లో ఒకటి, 2024లో రెండు ఆడాడు. ఇదంతా ఆరోగ్యం మీద శ్రద్ధే అనుకోకండి, డబ్బు లెక్క కూడా ఉంది. ఒక్క రాత్రికి కోట్లు వస్తున్నప్పుడు నెలకోసారి ఎందుకు ఆడతారు? పైగా ఒక్కసారి ఓడితే రేటు పడిపోతుంది. పెద్ద పోటీకి రెండు మూడు నెలల శిక్షణ కూడా కావాలి. అప్పుడే మొదలుపెట్టిన కుర్రాళ్లు మాత్రం ఇప్పటికీ త్వర త్వరగానే ఆడతారు. మైక్ టైసన్ 1985లో, తన మొదటి ఏడాదిలో, 15 ఆడాడు. చాలావరకు మొదటి రౌండులోనే ముగించేశాడు కాబట్టి పెద్దగా దెబ్బలు తినలేదు.

అందుకే ఏడాదికి ఎన్ని ఆడాడన్నది నాకు అంత ముఖ్యం కాదు. తలకు ఎన్ని తగిలాయి, తగిలాక మెదడుకి ఎంత గడువిచ్చాడు అన్నదే చూస్తాను. ముహమ్మద్ అలీ మొత్తం ఆడింది 61 పోటీలే. కానీ జిమ్‌లో తోటి బాక్సర్ల చేత కొట్టించుకునేవాడు, ఆ దెబ్బల లెక్క ఏ రికార్డులోనూ లేదు. 1984లో ఆయనకు పార్కిన్సన్ లక్షణాలున్నాయని తేల్చారు. దానికి దెబ్బలే కారణమని గట్టిగా చెప్పలేం, కాదని కొట్టిపారేయనూ లేం. రెండు నెలల్లో మూడు పోటీలు ఆడాడన్నారు కదా, మధ్యలో ఎన్ని రోజులు స్పారింగ్ చేశాడో అడగండి.

స్కాన్‌లో ఏమీ లేదన్నారంటే రక్తస్రావం లేదని, ఎముక విరగలేదని అర్థం. అంతవరకు సంతోషమే. మెదడు తోడుకున్న పెరుగంత మెత్తగా ఉంటుంది. గిన్నెను ఒక్కసారి కుదిపితే పెరుగు విరిగినట్టు, దెబ్బకు లోపల సన్నని నరాల పోగులు సాగి దెబ్బతింటాయి. అది సీటీ స్కాన్‌లో కనిపించదు. తలనొప్పి, వెలుతురు పడకపోవడం, ఆ కసురుకోవడం, అన్నీ దాని లక్షణాలే. కాబట్టి కసురుకున్నాడని మీరు బాధపడకండి. దీన్నే మేం కన్‌కషన్ అంటాం. ఇది మానకముందే ఇంకో దెబ్బ, అది చిన్నదే అయినా, తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. హెల్మెట్ పెట్టుకుంటాడు కదా అంటారేమో. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది, లోపలి కుదుపుని ఆపలేదు.

గుంటూరులో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు సంక్రాంతి కబడ్డీ పోటీల నుంచి ఒక కుర్రాణ్ని తీసుకొచ్చారు. వీపు మీద నంబరు గుడ్డ ఇంకా పిన్నీసులతోనే ఉంది. ముందు రోజు తలకు తగిలిందట, మాత్ర వేసుకుని మర్నాడు ఫైనల్ ఆడాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఒక కంటిపాప పెద్దదైపోయింది, అంటే మెదడు మీద ఒత్తిడి పెరిగిపోయిందన్నమాట. ఆపరేషన్ చేశారు, బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం మునుపటిలా రాలేదు. పిన్నీసులు తీసింది నేనే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది: వారం లోపల న్యూరాలజిస్టుకి చూపించండి. గుంటూరు జీజీహెచ్‌లోనూ ఆ విభాగం ఉంది. రాత్రి నిద్ర బాగా పోనివ్వండి, ఫోన్ తగ్గించండి. నొప్పికి పారాసిటమాల్ చాలు, అదీ రోజూ వద్దు. మాత్ర మింగి నొప్పి తెలియకుండా రింగ్ ఎక్కడం మాత్రం కుదరదు. నడక ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, తలనొప్పి పెరిగితే ఆపేయాలి. లక్షణాలన్నీ పోయాక పరుగు, ఆ తర్వాత బ్యాగ్ మీద పంచ్‌లు, ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. ఎదుటి మనిషితో ఆడటం అన్నిటికన్నా చివర, అదీ డాక్టరు సరే అన్నాకే. తలకు దెబ్బతో నాకౌట్ అయితే, అంటే పది లెక్కపెట్టేలోగా లేవలేకపోతే, కనీసం నెల రోజులు ఆడనివ్వకపోవడం ఈ ఆటలో మామూలు నియమమే. స్పృహ తప్పితే ఇంకా ఎక్కువ.

తలనొప్పి పెరుగుతున్నా, పదే పదే వాంతులైనా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, మాట ముద్దగా వస్తున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

పూర్తిగా కోలుకున్నాక ఎన్నాళ్లకోసారి అంటే, దెబ్బ తగలని చిన్న పోటీలు నెలా నెలన్నరకు ఒకటి చాలంటాను. పది, పన్నెండు రౌండ్ల స్థాయికి వెళ్తే ఏడాదికి రెండు మూడు. ఇంకో మాట. బరువు తగ్గించడానికి ఎండలో రెయిన్‌కోటు వేసుకుని బందరు కాలువ గట్టు మీద పరిగెత్తే కుర్రాళ్లను చూస్తుంటాను. ఒంట్లో నీళ్లు ఎండిపోయి రింగ్ ఎక్కితే వడదెబ్బ, కిడ్నీల దెబ్బ రెండూ ఉన్నాయి. మీవాడికీ ఆ అలవాటు ఉంటే మాన్పించండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడి పోటీల తేదీలు, స్పారింగ్ చేసిన రోజులు, తల తిరిగినట్టు అనిపించిన సందర్భాలు అన్నీ కాగితం మీద రాయించండి. మీ ముందు రాయడానికి మొహమాటపడితే కాసేపు బయట కూర్చోండి.